మూడోసారి అడగకముందే

ఆ డాక్టరు చేతులకి బేడీలు పడితే కళ్లారా చూడాలని మూడేళ్లుగా కాచుక్కూర్చున్నాను. శుక్రవారం మధ్యాహ్నం మూడుంబావుకి ఆయన గదిలో, ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నప్పుడు, ఇక ఎంతోసేపు పట్టదనుకున్నాను.

జరిగింది ఇదీ. మంగళవారం సాయంత్రం నాలుగూ నలభైకి ఇంటెన్సివ్ కేర్‌లో ఏడో మంచం మీద ఒక బస్సు డ్రైవరు చనిపోయాడు. నరాల జబ్బు. కళ్లు తప్ప ఒంట్లో ఏదీ కదలదు. గొంతుకి అమర్చిన గొట్టంలోంచి మిషను ఊపిరి పోస్తుంటే నలభై రోజులుగా బతుకుతున్నాడు. ఆ గొట్టం ఊడదీసి ఉంది. ఊడిన మరుక్షణం గోల పెట్టాల్సిన అలారాన్ని ఎవరో మీట నొక్కి రెండు నిమిషాలు నోరు మూయించారు. ఎక్కడ నొక్కాలో తెలిసిన చేతి పని అది.

మర్నాడు పొద్దున్నే ఆ డ్రైవరు బావమరిది నా డిటెక్టివ్ ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచి కాళ్లు పట్టుకోబోయాడు.

"అక్క పోయాక మా బావకి నేనే దిక్కన్నా. అక్కని టైముకి ఆసుపత్రికి తీసుకెళ్లకుండా పొట్టనబెట్టుకున్న మనిషే అనుకో, అయినా బావ బావే కదా! నేను మంగళవారం రెండింటికి ఇంటికెళ్లా, అయిదున్నరకి ఫోనొస్తే పరిగెత్తుకొచ్చా. బావకేం కావాలో అక్కడొకావిడ మూడుసార్లు అడుగుతుందంట. ఆరింటికి ఆవిడ మూడోసారి వచ్చేలోపే ఆ డాక్టరు పని కానిచ్చేశాడు. వాణ్ణి వదలకన్నా!"

వదలకన్నా అన్న ఆ ఒక్క మాటకి నా ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే మూడేళ్ల కిందట మా ఆవిడ పోయింది కూడా ఆ డాక్టరు చేతుల్లోనే. ఫీజు సంగతి కూడా ఎత్తకుండా కేసు ఒప్పుకున్నాను. ఎదుటివాడు ఆవలిస్తే పేగులు లెక్కపెడతానని పోలీసు డిపార్ట్‌మెంటులో ఉన్నప్పుడు నాకు పేరు. ఆ రోజు మాత్రం నా కడుపుమంట తప్ప ఇంకేమీ లెక్కపెట్టలేదు.

"మంగళవారం నాలుగూ అయిదుకి మీరు ఏడో మంచం దగ్గరున్నారు. ఒంటరిగా" అన్నాను డాక్టరుతో.

"ఉన్నాను. నాలుగూ పదికి బయటికొచ్చాను."

"నాలుగూ నలభై దాకా?"

"నాలుగూ పద్దెనిమిదికి ప్రశ్నలమ్మ గదికి వెళ్లాను. కేక వినపడేదాకా అక్కడే ఉన్నాను."

ప్రశ్నలమ్మ గది బయట బోర్డు మీద 'వైద్య నైతిక సలహా విభాగం' అని ఉంటుంది. అంత పేరుకి నోరు తిరక్క ఆసుపత్రిలో అందరూ ఆవిణ్ణి ప్రశ్నలమ్మే అంటారు. వైద్యం సాగించాలా ఆపాలా అని డాక్టర్లకీ చుట్టాలకీ పేచీ వచ్చినప్పుడు ఆవిణ్ణి పిలుస్తారు. ఆవిడ వెళ్లి, అందరినీ బయటికి పంపి, రోగిని అడుగుతుంది. డ్రైవరు చావుతో ఆసుపత్రి పరువు బజారున పడ్డాక, ఈ పీడంతా ఆ గది వల్లేనని పెద్దలకి తోచింది. దాన్ని ఎత్తేయడానికి ఆ శుక్రవారం సాయంత్రం అయిదింటికి బోర్డు సమావేశం పెట్టారు.

"ఆవిణ్ణి పిలిచిందెవరు?"

"నేనే. బావ ఇక చాలంటున్నాడు, మిషను తీసేయండి అని బావమరిది వారం రోజులుగా పోరుతున్నాడు. ఆ మాట రోగే చెప్పాలి కదా అనిపించింది."

నాకు నవ్వొచ్చింది. చేదు నవ్వు. "రోగుల్ని అడగడం మీకెప్పట్నుంచి అలవాటు డాక్టరుగారూ? మా ఆవిణ్ణి ఇరవై మూడు రోజులు మంచానికి కట్టేసినప్పుడు అడిగారా?"

ఆయన ముఖం పాలిపోయింది. హమ్మయ్య, తగలాల్సిన చోట తగిలిందనుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఆ గదిలో నా కాగితాలు కొన్ని ఉన్నాయి. వాటిని మీకు చూపించమని ఆవిడకి రాసిచ్చాను. మీ ఒక్కరికే. అయిదింటికి బోర్డు ముందు నేనొక మాట చెప్పాలి. అంతకంటే ముందే మీరవి చూడండి. అప్పటిదాకా నేనిక్కడే ఉంటాను, పారిపోను."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడు అనుకుంటూ వరండాలోకి వచ్చి బావమరిదికి ఫోను చేశాను. "తమ్ముడూ, వాడు వణుకుతున్నాడు. అయిదింటికి బోర్డు ముందు ఏదో చెప్తాడంట. అప్పటిదాకా మూడో అంతస్తులో తన గదిలోనే ఉంటాడు, ఒక్కడే. ఇంకో గంటన్నరలో నీ పగా నా పగా రెండూ తీరతాయి."

"చల్లగా ఉండన్నా" అన్నాడు బావమరిది.

మూడూ యాభైకి ఏడో మంచం దగ్గరున్నాను. మంచం ఖాళీ. మిషను తీసుకుపోయారు. ఆ రోజు డ్యూటీలో ఉన్న నర్సు నా పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. నాలుగు రోజుల్లో అయిదోసారి అవే ప్రశ్నలకి జవాబు చెప్తున్న విసుగు ఆమె ముఖంలో ఉంది.

"అలారం మీట డాక్టరుకి తప్ప ఎవరికి తెలుస్తుందమ్మా?"

"బాగుంది సార్! కఫం తీసినప్పుడల్లా మేం నొక్కుతూనే ఉంటాం. రోజుకి పదిసార్లు. నలభై రోజులు పక్కన కూర్చున్న ఏ చుట్టానికైనా తెలుస్తుంది."

ఆ జవాబు నాకు నచ్చలేదు. రాసుకోలేదు కూడా.

"మంగళవారం నాలుగుంబావు తర్వాత నువ్వెక్కడున్నావు?"

"రెండో మంచం దగ్గర. ఆయనకి ఆయాసం ఎక్కువైతే ముగ్గురం అక్కడే ఉన్నాం. తెర లాగేసి ఉంది, ఏడో మంచం కనపడదు."

మంచం వెనకాల బట్టల మూటలు తీసుకెళ్లే చిన్న తలుపుంది. దానికి గడియ లేదు. మంచం చుట్టూ రెండుసార్లు తిరిగాను. చివరికి, నర్సు అయ్యయ్యో అంటున్నా వినకుండా, బూట్లు విప్పి మంచం మీద పడుకున్నాను. చచ్చినవాడు చివరిసారి ఏం చూశాడో చూడకుండా నేను ఏ గదీ వదలను. అది నా పద్ధతి.

పైన తెల్లటి కప్పు. కుడిపక్క గోడ. తల తిప్పలేని మనిషిలా కళ్లు మాత్రం ఎడమకి తిప్పాను. మంచం కడ్డీకి లోపలి వైపు, సరిగ్గా నా కళ్లకి ఎదురుగా, ప్లాస్టరు అంటించి పీకిన జిగురు మరకలు రెండున్నాయి. మధ్యలో అరచేతి వెడల్పు దూరం.

"ఇక్కడేముండేది?"

నర్సు వంగి చూసింది. "ఓ, అదా! ప్రశ్నలమ్మ అట్టముక్క. మళ్లీ ఎప్పుడొస్తుందో పెద్ద అక్షరాలతో రాసి అక్కడ అంటిస్తుంది. మాట్లాడలేనివాళ్లకి టైము తెలియదు కదా సార్, ఎదురుచూడటానికైనా ఒకటుండాలంటుంది."

లేచి కాళ్ల వైపు నిలబడి చూశాను. కడ్డీ వెలుపలి వైపే కనిపించింది. గుమ్మంలోంచి చూసినా అంతే. ఆ అట్ట చదవాలంటే మంచంలో పడుకోవాలి, లేదా తలగడ పక్కన రోగి మీదికి వంగాలి.

"మంచం బాగుందా గురువుగారూ? అడ్మిషను రాయించమంటారా?"

ఆ గొంతు వినగానే ఒళ్లు మండింది. ఆసుపత్రి సెక్యూరిటీ చీఫ్. ఒకప్పుడు మా స్టేషన్లోనే నా కింద పనిచేశాడు. ఏ కేసిచ్చినా మూడో రోజుకల్లా ఫైలు మూసేసేవాడు. అందుకే స్టేషనంతా వాణ్ణి తాళంకప్ప అనేది.

"అయిదింటికి ఆ నీతి గదికి సీలు వేస్తున్నా. బీరువాలో కాగితాలన్నీ మా స్టోరుకి పోతాయి. ఎలకలు చదువుకుంటాయి" అన్నాడు, తాళాలగుత్తి వేలికి తిప్పుతూ.

"డాక్టరు మీద కేసు నాది. నేను చూడకుండా ఒక్క కాగితం కదిలిందో, చూడు మరి!"

"డాక్టరు మీద కేసా?" వాడు పగలబడి నవ్వాడు. "మీకింకా చెప్పలేదా? ఆవిడ మంగళవారం రాత్రే నాకు రెండు పేజీలు రాసిచ్చింది. రోగి కళ్లతో ఏదో చెప్పాడంట. రెప్పలు మూయడం, గుడ్లు తిప్పడం కూడా సాక్ష్యమేనా గురువుగారూ? సొరుగులో పడేసి తాళం వేశా."

"ఏముంది అందులో?"

"నాకేం తెలుసు? చదివితే తలనొప్పి."

కాలరు పట్టుకుని గోడకి ఆనించాను. పదవీ విరమణ చేసిన మనిషికి తగని పనే, కానీ చేతులు మాట వినలేదు. "నీ సర్వీసులో నువ్వు చదవకుండా మూసిన ఫైళ్లు మూడున్నాయి. వాటి నంబర్లు నాకు కంఠతా వచ్చు. ఒక్కొక్కటే తెరిపించమంటావా?"

వాడి తాళాలగుత్తి తిరగడం ఆగిపోయింది. "అయిదింటిదాకా మీ ఇష్టం" అని గొణిగి, కాలరు సర్దుకుంటూ వెళ్లిపోయాడు.

ప్రశ్నలమ్మ గది కింది అంతస్తులో, మెట్ల పక్కన. ఒక బల్ల, మూడు కుర్చీలు, ఒక బీరువా. యాభై దాటిన సన్నటి మనిషి. నేను వెళ్లేసరికి ఫైళ్లు తాడుతో కడుతోంది. గోడ గడియారం నాలుగూ పది చూపిస్తోంది.

"మూడుసార్లు ఎందుకడుగుతారు?" అన్నాను కూర్చోకుండానే.

"నొప్పిలో ఉన్నప్పుడు ఒక మాట చెప్తారు సార్. మందు మత్తులో ఒక మాట. చుట్టాలు ఏడుస్తుంటే చూడలేక ఇంకో మాట. పూటపూటకీ విడివిడిగా అడిగి, మూడుసార్లూ ఒకటే చెప్తేనే అది వాళ్ల మాట. పక్కన నర్సు సాక్షిగా ఉండాలి. పైకి చూస్తే అవును, కళ్లు మూస్తే కాదు."

ఒక కాగితం నా వైపు జరిపింది. పొద్దున ఏడుంబావు: మిషను ఆపేయమంటారా? కళ్లు మూశాడు. మధ్యాహ్నం పన్నెండున్నర: అదే ప్రశ్న. కళ్లు మూశాడు. రెండుసార్లూ నర్సు సంతకం ఉంది.

"అంటే బతకాలనే అనుకున్నాడా?"

"గట్టిగా అనుకున్నాడు. మరి చావాలంటున్నాడని ఇంట్లోవాళ్లు ఎందుకు చెప్తున్నట్టు? అది నాకు మింగుడు పడలేదు. మధ్యాహ్నం మీ బావమరిదిని లోపలికి పిలవనా అంటే గట్టిగా కళ్లు మూసేశాడు. అందుకే నాలుగూ పన్నెండుకి మళ్లీ వెళ్లాను. ఆయనంటే మీకు భయమా అని అడిగాను." ఆవిడ తాడు ముడి వదిలేసింది. "పైకి చూశాడు సార్. నేను చాలు అన్నా చూపు దించలేదు."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"సాక్షి కావాలి. నర్సులందరూ రెండో మంచం దగ్గరున్నారు. సాక్షి లేకుండా రాస్తే ఆ కాగితం ఎందుకూ పనికిరాదు. అందుకని కొత్త అట్ట అంటించి, ఆయనకి చదివి వినిపించి, తిన్నగా ఇక్కడికొచ్చాను. డాక్టరుగారు అప్పటికే వచ్చి కూర్చున్నారు. బావమరిదిని లోపలికి రానివ్వకూడదని ఇద్దరం ఉత్తర్వు రాశాం. నాలుగూ ముప్పై ఎనిమిదికి సంతకాలు పెట్టాం." ఆవిడ ఫైలు పక్కకి నెట్టింది. "రెండే రెండు నిమిషాలు సార్! పద్ధతి పక్కనపెట్టి ఆయన పక్కనే కూర్చుండిపోవాల్సింది. నన్ను నేను తిట్టుకోని పూట లేదు."

"అట్ట ఏమైంది?"

"కేక విని పరిగెత్తినప్పుడు నేనే పీకి జేబులో పెట్టుకున్నాను. పోయిన మనిషి ముందు అది ఉండటం చూడలేకపోయాను."

ఫైల్లోంచి తీసిచ్చింది. నల్ల సిరాతో పెద్ద అక్షరాలు: 'సాయంత్రం ఆరింటికి మళ్లీ వస్తాను. మిమ్మల్నే అడుగుతాను.'

ఆరింటికి.

"ఇలా ఆరింటికని ఇంకెవరికి చెప్పారు?"

"డాక్టరుగారికి, ఈ గదిలో. ఆయనా ఎవరికీ చెప్పలేదు, బోర్డు ముందే చెప్తానన్నారు. మిగతా అందరికీ మధ్యాహ్నం నేను చెప్పింది మర్నాడు పొద్దున ఎనిమిది. నర్సులకీ అంతే, బావమరిదికీ అంతే. పోలీసులు రాసుకున్నదీ అదే. సెక్యూరిటీ ఆయనకిచ్చిన రెండు పేజీల్లో ఆరని రాశాను గానీ, ఆయన చదివినట్టు లేరు."

అట్ట అక్కడున్నది నాలుగూ పదిహేను నుంచి నాలుగూ నలభై దాకా. పాతిక నిమిషాలు. ఆ పాతిక నిమిషాల్లో రోగి మీదికి వంగినవాడికి తప్ప ఆరింటి సంగతి తెలియదు. రెండింటికే ఇంటికెళ్లానన్నవాడు బుధవారం పొద్దున నా మెట్ల మీద కూర్చుని ఏమన్నాడు? 'ఆరింటికి ఆవిడ మూడోసారి వచ్చేలోపే.' నా చెవులతో విన్నాను. వాడు అక్కని పొట్టనబెట్టుకున్న మనిషి అన్నప్పుడు, వాడి పళ్లు పటపటలాడటం కూడా విన్నాను. పెళ్లాం పోయిన బాధలో నాకది సొంత గోడులా వినిపించింది. వాడు ఊళ్లో ఇంతమంది డిటెక్టివులుండగా నన్నే ఎందుకు వెతుక్కున్నాడో అప్పుడర్థమైంది. ఆ డాక్టరు పేరెత్తితే నేను కళ్లు మూసుకుని పరిగెత్తుతానని వాడికి తెలుసు. బావ మీద పగ తీర్చుకున్నాడు, ఉరితాడు డాక్టరు మెడకి తగిలించే పని నాకప్పగించాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"ఇంకొకటుంది సార్." ఆవిడ బీరువా అడుగు అరలోంచి పాత ఫైలొకటి తీసింది. "ఈ గది పెట్టడానికి కారణం ఇదే. ఈ గది కావాలని ఆయన ఏడాదిపాటు పెద్దల చుట్టూ తిరిగారు. మొదటి కాగితం ఆయనే రాశారు."

డాక్టరు చేతిరాత. పైన మా ఆవిడ వయసు, మంచం నంబరు, తేదీలు.

'రోగి మెలకువగానే ఉంది. నోట్లో గొట్టం వల్ల మాట లేదు. గొట్టం లాగేస్తోందని ఇరవై మూడు రోజులు చేతులు కట్టించాను. ఎందుకు లాగుతోందని ఒక్కసారి కూడా అడగలేదు. భర్త గుమ్మంలో నిలబడి, ఆమెనేమీ అడగొద్దు, ఆమెకేం చెప్పొద్దు, నేను చెప్పింది చెయ్యండి అని అరిచాడు. ఆయన కోపానికి భయపడి ఆయన మాటే విన్నాను. ఆమె ఎవరూ అడగకుండానే పోయింది. తప్పు నాది. ఇంకొకరికి ఇలా జరగకూడదు.'

అవును, అరిచాను. ఆ గుమ్మం, ఆ అరుపు, నర్సులు తలలు దించుకోవడం, అన్నీ గుర్తొచ్చాయి. అది ప్రేమ అనుకున్నాను. ఆమె ఎందుకు లాగిందో? మంచినీళ్లు కావాలనో, నా చెయ్యి కావాలనో, ఇక చాలనో. ఇరవై మూడు రోజులు రోజూ వెళ్లి ఆమె నుదురు నిమిరాను, ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగితే ఏం చెప్తుందోనని భయం. ఆ తప్పు ఆయన కాగితం మీద పెట్టి సంతకం చేశాడు. నేను మూడేళ్లు పగ పెంచుకుంటూ తిరిగాను. ఎవరి మీద పెంచుకోవాల్సిన పగ అది! ఏడుపు ఆగలేదు. ప్రశ్నలమ్మ మంచినీళ్ల గ్లాసు నా ముందు పెట్టింది.

ఫోను మోగింది. తాళంకప్ప.

"గురువుగారూ, అలగకండి. మీ పని ఒకటి చేసి పెట్టా. ఆ డ్రైవరు బావమరిది వస్తే పాస్ ఇచ్చి పైకి పంపించా."

"ఎక్కడికి?"

"డాక్టరు గదికి. రాజీ మాట్లాడుకుంటాడంట. మీరే రమ్మన్నారని చెప్పాడు. కాదా?"

అప్పటిదాకా తన గదిలోనే ఉంటాడు, ఒక్కడే. ఆ మాట నా నోటితో నేనే చెప్పాను.

"గార్డుల్ని పైకి తోలరా, వెంటనే!" అని అరిచి, అట్టముక్క జేబులో కుక్కుకుని మెట్లవైపు పరిగెత్తాను. మూడంతస్తులు. ఆగకుండా ఎక్కాను. మూడో అంతస్తు గడియారంలో నాలుగూ ముప్పై ఎనిమిది.

డాక్టరు గది తలుపు లోపల గడియ పెట్టి ఉంది. లోపల కుర్చీ పడిన చప్పుడు. గాజేదో పగిలింది. గొంతు నొక్కేస్తుంటే వచ్చే గరగర.

"తలుపు తియ్యరా!" రెండు చేతులతో బాదాను. "నాకంతా తెలుసు! అట్ట నా దగ్గరుంది!"

తర్వాత బావమరిది గొంతు, రొప్పుతూ, ఎంతో ఆప్యాయంగా వినిపించింది.

"నువ్వా అన్నా? ఒక్క నిమిషం ఆగు. ఇది నీకోసం కూడా చేస్తున్నా."

మూడేళ్లుగా నేను కోరుకున్నదీ ఆ డాక్టరు అంతు చూడటమే. నాలుగడుగులు వెనక్కి వేసి, భుజం ముందుకి పెట్టి తలుపు మీదికి దూకాను.